పుష్కరాల్లో చేతికి కట్టే బ్యాండు: అచ్చు వేయించే ముందు ఒక మాట

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాల్లో 2027 గోదావరి పుష్కరాల ఏర్పాట్లు చూస్తున్న పెద్దలకు, గోదావరి తీర జిల్లాల కలెక్టర్లకు, పోలీసు, దేవాదాయ శాఖల అధికారులకు

నమస్కారం.

పుష్కరాల పనుల జాబితాలో ఘాట్లు, రోడ్లు, తాత్కాలిక బస్టాండ్లు, మరుగుదొడ్లు ముందు వరసలో ఉంటాయి. పిల్లల చేతికి కట్టే బ్యాండు ఎక్కడో చివరి పేజీలో, ‘ఇతర ఏర్పాట్లు’ కింద ఒక్క పంక్తిగా కనిపిస్తుంది. ఆఖరి వారంలో ఎవరో దాతను పట్టుకుని, లక్షో రెండు లక్షలో అచ్చు వేయించి, ఘాట్ దగ్గర పంచిపెట్టి ఫొటో దిగితే ఆ పని అయిపోయినట్టే లెక్క. ఆసుపత్రుల్లో రోగుల చేతి బ్యాండులతో, ఉత్సవాల్లో తప్పిపోయినవారి కేంద్రాలతో పని ఉన్నవాళ్లం కలిసి ఆ ఒక్క పంక్తి గురించే ఈ లేఖ రాస్తున్నాం. బ్యాండు ఏ రంగులో ఉండాలి, ఎంత వెడల్పు ఉండాలి అన్నవి తర్వాతి సంగతులు. దాని మీది నంబరుకు ఎవరైనా ఫోన్ చేస్తే ఎత్తేది ఎవరు, ఎత్తాక ఏం చేస్తారు అన్నది తేలే దాకా టెండరు పిలవొద్దని మా మనవి.

ముందు, చేతికే ఎందుకు కట్టాలో చెప్పాలి. జాతరకు వెళ్లేటప్పుడు పిల్లల జేబులో ఫోన్ నంబరు రాసిన చీటీ పెట్టడం మనవాళ్లకు కొత్త కాదు. చొక్కాకు పిన్నుతో కార్డు గుచ్చేవాళ్లూ ఉన్నారు. మామూలు తిరునాళ్లకైతే అవి కొంత పనికొస్తాయి. పుష్కర స్నానంలో మాత్రం బట్టలు విప్పేస్తారు. చీటీ చొక్కాతో పాటు సంచిలోకి వెళుతుంది, పిల్లవాడు చెడ్డీతో నీళ్లలో ఉంటాడు. తప్పిపోవడానికి ఎక్కువ అవకాశమున్నదీ ఆ సమయంలోనే. మెడలో తాడుతో కార్డు వేలాడదీయడం ఇంకా ప్రమాదం. తోపులాటలో తాడు దేనికైనా చిక్కుకుంటే మెడకు బిగుస్తుంది. చేతి బ్యాండు ఒక్కటే ఒంటి మీద మిగులుతుంది.

ఈ విషయంలో లోకం నేర్చుకున్న పాఠాలు చాలావరకు యుద్ధభూమిలోవి. బ్రిటిష్ సైన్యం 1907లో సైనికులకు పేరు, నంబరు కొట్టిన అల్యూమినియం బిళ్ల ఇచ్చింది. మొదటి ప్రపంచ యుద్ధం మొదలయ్యాక లోహం బదులు ఎర్రటి ఫైబర్ బిళ్లలు వచ్చాయి. మనిషికి ఒక్కటే బిళ్ల. చనిపోయినవాడి లెక్క రాసుకోవడానికి దాన్ని తీసుకుపోతే, తర్వాత ఆ శవం ఎవరిదో చెప్పే ఆధారం మిగిలేది కాదు. ఆ తప్పు దిద్దుకోవడానికి 1916 దాకా పట్టింది. అప్పటి నుంచి రెండు బిళ్లలు: ఆకుపచ్చది శరీరంతో ఉండిపోతుంది, ఎర్రది లెక్క కోసం తీసుకెళతారు. ఫైబర్ మట్టిలో కుళ్లిపోయి రాత చెరిగిపోవడం మరో కష్టం. ఫ్రెంచి సైనికులు బిళ్లను గొలుసుతో మణికట్టుకు కట్టుకునేవారు. ఇందులో మనకు పనికొచ్చేవి రెండే ముక్కలు. గుర్తు జంటగా ఉండాలి. ఏ వస్తువుతో చేశామో అది ఉండబోయే చోట నిలవాలి. మనకు ఆ చోటు నీళ్లు.

ఆసుపత్రుల కథ వేరు. అమెరికాలో గత శతాబ్దపు తొలి సగంలో పుట్టిన బిడ్డలకు నీలం పూసలు, మధ్యలో ఇంటిపేరు అక్షరాలున్న తెల్ల పూసలు దారానికి గుచ్చి కట్టేవారు. దారం కొసలను సీసపు పూసలో దూర్చి అక్కడే నొక్కేసేవారు. అంటే తెంపితే తప్ప రాదు, ఒకసారి తెంపితే మళ్లీ కట్టడం కుదరదు. ఇప్పటి ఆసుపత్రి బ్యాండుల లాక్ కూడా ఆ సూత్రం మీదే పని చేస్తుంది. మీరు కొనే బ్యాండుకు మొదటి పరీక్ష ఇదే కావాలి. తీసి ఇంకొకరికి తొడగగలిగేదైతే అది గుర్తింపు బ్యాండు కాదు.

ఇక ఫోన్ నంబరు సంగతి. కాలిఫోర్నియాలోని టర్లాక్ పట్టణంలో 1953లో లిండా కాలిన్స్ అనే అమ్మాయి ధనుర్వాతం మందు పడక చావు అంచుల దాకా వెళ్లింది. మళ్లీ ఎవరైనా తెలియక అదే మందు ఇస్తారేమోనన్న భయంతో ఆమె చేతికి ఆ విషయం చెక్కిన వెండి కడియం చేయించారు. డాక్టరైన ఆమె తండ్రి 1956లో మెడిక్‌అలర్ట్ సంస్థను పెట్టాడు. ఆ సంస్థ కడియం ఎందరో వేసుకున్నారు. దాని అసలు బలం లోహంలో లేదు. కడియం వెనక సభ్యుడి నంబరు, పగలూ రాత్రీ ఎత్తే ఒక ఫోన్ నంబరు ఉండేవి. ఫోన్ చేసినవారికి అవతలి మనిషి రికార్డు తీసి చదివి చెప్పేవాడు. అటు ఫోన్ దగ్గర మనిషి లేకపోతే ఆ కడియం ఉత్త నగ.

మనకు దగ్గరి ఉదాహరణలూ ఉన్నాయి. హజ్ కమిటీ ఆఫ్ ఇండియా యాత్రికులకు గుర్తింపు నంబరున్న స్టీలు కడియం ఇస్తుంది; హైదరాబాద్ నుంచి వెళ్లే మన రెండు రాష్ట్రాల యాత్రికులకూ అది అలవాటే. నమాజుకు ముందు చేతులు కడుక్కునే వజూ నీళ్లకు, చెమటకు చెక్కడం చెరగదు. శబరిమల దారిలో పంబ దగ్గర పిల్లల చేతికి పోలీసులు బ్యాండు కడతారు. తిరుమల గరుడ సేవ రోజున పిల్లలకు ట్యాగులు వేయడం చూశాం. ఇవన్నీ ఉపయోగపడేవే. కానీ పంబలోనో తిరుమలలోనో మనిషి వెళ్లే దారి ఒకటే, దాని మీద అజమాయిషీ ఒకరిదే. గోదావరి అలా కాదు. బాసర, ధర్మపురి, కాళేశ్వరం, భద్రాచలం ఒక రాష్ట్రం. పట్టిసీమ, కొవ్వూరు, రాజమహేంద్రవరం, నర్సాపురం, అంతర్వేది ఇంకొకటి. భద్రాచలం దాటి కాస్త ముందుకు పోతే ఎటపాక ఆంధ్ర. బస్సు తప్పిన ముసలాయన మూడు గంటల్లో ఇంకో రాష్ట్రంలో తేలతాడు.

అందుకే మొదటి కోరిక: రెండు రాష్ట్రాలకూ కలిపి ఒకే నంబరు, ఒకే నమూనా, ఒకే పద్ధతి. ఆ నంబరు ఏ ఎస్సైదో తహసీల్దారుదో సొంత మొబైలు కాకూడదు. షిఫ్టు మారినా, ఛార్జింగ్ అయిపోయినా అది మూగబోతుంది. ఒకే నంబరు మీద ఒకేసారి ముప్పై కాల్స్ తీసుకునే పీఆర్ఐ లైను చాలాకాలంగా ప్రతి కాల్ సెంటర్‌లోనూ ఉన్నదే. అటు కూర్చునేవారికి తెలుగుతో పాటు హిందీ తప్పనిసరి. మరాఠీ, ఒడియా, కన్నడ వచ్చినవాళ్లు షిఫ్టుకు ఒక్కొక్కరైనా కావాలి. నాందేడ్ నుంచి, బస్తర్ నుంచి, కోరాపుట్ నుంచి జనం వస్తారు.

బ్యాండు మీద ఏం రాయాలన్నది తేలిగ్గా అనిపించే చిక్కు. చాలాచోట్ల పిల్లల పేరు, తండ్రి పేరు, ఊరు, ఫోను వరసగా రాస్తారు. పేరు పైకి కనపడకూడదు. “చిన్నూ, మీ నాన్న పిలుస్తున్నాడు రా” అని పేరు పెట్టి పిలిచినవాణ్ణి అయిదేళ్ల పిల్ల నమ్మేస్తుంది. పిల్లల బ్యాండు మీద పైకి కనిపించాల్సిన నంబర్లు మూడు రకాలే: బ్యాండు వరస నంబరు, కంట్రోల్ రూమ్ నంబరు, ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు రెండు. పేరు లోపలి వైపు రాయండి, లేదా రిజిస్టరులో మాత్రమే ఉంచండి.

రెండు నంబర్లు ఎందుకంటే, స్నానానికి దిగినప్పుడు తల్లి ఫోను సంచిలో ఉంటుంది, సంచి ఒడ్డున ఇంకెవరి దగ్గరో ఉంటుంది. లేదా నీళ్లలో తడిసిపోతుంది, జేబుదొంగ పాలవుతుంది, రద్దీలో సిగ్నల్ అందదు. పిల్లవాడు తప్పిపోయే గంటలోనే వాడి చేతి మీది నంబరు ‘స్విచ్ ఆఫ్’ అని పలకడం మామూలు. రెండో నంబరు పుష్కరాలకు రానివారిది కావాలి: ఊళ్లో ఉన్న తాతది, మేనమామది, పక్కింటివారిది. తప్పిపోయినవాళ్లూ వెతికేవాళ్లూ ఇద్దరూ చివరికి ఇంటికే ఫోన్ చేస్తారు. ఫారంలో ‘ప్రత్యామ్నాయ నంబరు’ అని అచ్చు వేస్తే జనం భర్త రెండో సిమ్ నంబరు రాస్తారు. ‘ఇంటి దగ్గర ఉన్నవారి నంబరు’ అని వేయండి.

నంబరు అడిగి రాసుకోవడంలోనూ తప్పులు దొర్లుతాయి. కంగారులో ఒక అంకె జారుతుంది. రాసేవాడి ఒకటి ఏడులా, సున్నా ఆరులా ఉంటుంది. కొత్త సిమ్ తీసుకున్నవారికి తమ నంబరే గుర్తుండదు. అందుకని నోటితో చెప్పించుకోకండి. బల్ల మీదున్న ఫోనుకు వాళ్ల చేత మిస్డ్ కాల్ ఇప్పించి, తెర మీద కనిపించిన నంబరు చూసి రాయండి. ఇంటి నంబరును వాళ్ల ఫోనులోంచి చూపించమనండి. రాశాక ఒక్కో అంకె పైకి చదివి వినిపించండి. పది సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

తల్లికీ బిడ్డకూ ఒకే వరస నంబరు జంట బ్యాండులు వేయడం ప్రసూతి వార్డుల్లో ఉన్న పద్ధతి. ఇక్కడా అదే సరైనది. పిల్లవాణ్ణి తీసుకెళ్లడానికి వచ్చినవారి చేతికి అదే నంబరు బ్యాండు ఉంటే సగం అనుమానం అక్కడే తీరుతుంది. కాగితం చీటీ ఇస్తే అది కూడా తడుస్తుంది. ఒక జంటకు మూడు ముక్కలుండేలా అచ్చు వేయించండి: పిల్లలకు ఒకటి, పెద్దలకు ఒకటి, రిజిస్టరులో అంటించడానికి చిన్న స్టిక్కరు ఒకటి. మూడింటి మీదా ఒకే నంబరు ముందే అచ్చయి ఉండాలి, చేత్తో రాయకూడదు.

ఏ సరుకుతో చేసిన బ్యాండు అన్నది ఇప్పుడు. బస్సు టికెట్ కాగితం లాంటి థర్మల్ బ్యాండు వేడికి, నూనెకు నల్లబడుతుంది లేదా వెలిసిపోతుంది. ఆసుపత్రుల్లో వాడే పైపూత ఉన్న రకం వేరు, అది బాగుంటుంది గానీ దానికి ప్రింటర్లు కావాలి. సిలికాన్ రబ్బరు బ్యాండు చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. సాగుతుంది కాబట్టి తడి చేతి నుంచి జారిపోతుంది, ఎవరికైనా మార్చేయొచ్చు. మెరిసే ప్లాస్టిక్, అంటే పీవీసీ, లాక్ గట్టిగా ఉంటుంది కానీ దాని నున్నటి ఒంటి మీద పెన్ను నిలవదు. రాసిన స్టిక్కరు దూర్చే జేబు ఉన్న రకమే తీసుకోవాలి. మా సిఫారసు టైవెక్ అనే పాలిథీన్ పీచు బ్యాండు. చూపుకు కాగితంలా ఉంటుంది, చేత్తో చింపితే చిరగదు, నీళ్లకు నానదు. 25 సెంటీమీటర్ల పొడవు, రెండున్నర సెంటీమీటర్ల వెడల్పు రకం సరిపోతుంది. జిగురు కొస మీద కత్తిరింపు గాట్లు ఉండాలి. ఊడదీయబోతే అక్కడే చిరిగిపోయి మళ్లీ అంటదు.

టైవెక్‌కీ బలహీనతలు ఉన్నాయి. జిగురు తడి మీద పట్టదు. స్నానం చేసి వచ్చినవారికి కట్టబోతే అయిదు నిమిషాల్లో ఊడుతుంది, కాబట్టి స్నానానికి ముందే, పొడి చేతికి కట్టాలి. చేతికి కొబ్బరినూనె ఉంటే గుడ్డతో తుడవాలి. జెల్ పెన్ను, స్కెచ్ పెన్ను నీళ్లలో కరిగిపోతాయి. బాల్ పెన్నుతో నొక్కి రాస్తే నిలుస్తుంది. పర్మనెంట్ మార్కరు ఇంకా బాగా కనిపిస్తుంది. పదిహేను సెకన్లు ఆరనివ్వాలి. కానీ శానిటైజరు తగిలిందంటే ఆ సిరా క్షణంలో చెరిగిపోతుంది, ఎందుకంటే ఆ సిరాను కరిగించేది ఆల్కహాలే. అన్నదానం వరసలో శానిటైజరు పోసే చోట బ్యాండులు ఖాళీ అవుతాయి. రాత మీద ఒక చుట్టు పారదర్శక టేపు వేస్తే ఈ బెడద ఉండదు. టేపు కొస రాతకు అవతల ముగియాలి, లేకపోతే అంచులోంచి నీళ్లు ఎక్కుతాయి.

వెడల్పు రెండున్నర సెంటీమీటర్లే అన్నాం కదా. అయిదేళ్ల పిల్లవాడి మణికట్టు చుట్టుకొలత పదమూడు సెంటీమీటర్లకు అటూ ఇటూ. అంటుకునే భాగం పోగా రాయడానికి దొరికేది ఎనిమిది తొమ్మిది సెంటీమీటర్ల చోటు. అందులో ముఖ్యమంత్రి గారి ఫొటో, మంత్రి గారి ఫొటో, దాత కంపెనీ గుర్తు, స్వాగత నినాదం పడితే ఫోన్ నంబరు గోరంత అక్షరాల్లోకి కుదించుకుపోతుంది. ఫొటోలు వేయడానికి ఊరంతా ఫ్లెక్సీలు ఉన్నాయి. ఈ ఒక్క ముక్కను వదిలేయండి. తెలుపు మీద నలుపు, అంకెలు కనీసం అయిదు మిల్లీమీటర్ల ఎత్తు.

కట్టే తీరు: ఎడమ చెయ్యి. కుడిచేత్తో అన్నం తింటారు; అటు కడితే ఎక్కువ తడుస్తుంది, ఎక్కువ అడ్డమొస్తుంది. అందరికీ ఒకే చెయ్యి అని ఖాయం చేస్తే చూసేవాడికీ ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. పిల్లలకు బ్యాండు కింద ఒక వేలు దూరాలి, పెద్దలకు రెండు వేళ్లు. వేలు దూరకపోతే ఎండకు చెయ్యి ఉబ్బినప్పుడు కోసుకుంటుంది. అంతకంటే వదులైతే తడి చేతి నుంచి జారుతుంది. మిగిలిన తోకను కత్తిరించాలి. పిల్లలు దాన్ని లాగుతూనో కొరుకుతూనో ఉంటారు. గాజులున్న చేతికి గాజులకు పైన, మోచేతి వైపు కట్టాలి, లేకపోతే గాజుల కింద కనపడదు. నెలల పిల్లలకు చీలమండకు కట్టండి. కాలి పట్టీలు ఉంటే వాటికి పైన.

క్యూఆర్ కోడ్ గురించి ఉత్సాహం చాలా ఉంది. వద్దని అనడం లేదు, అదొక్కటే ఉంటే చాలదంటున్నాం. లక్షల మంది ఒకచోట చేరితే ముందు కుంటుపడేది మొబైల్ డేటా. కోడ్ స్కాన్ చేస్తే వెబ్ పేజీ తెరుచుకోవాలంటే అక్కడే ఆగిపోతుంది. మామూలు కాల్ కాసేపటికైనా కలుస్తుంది. పైగా మణికట్టు గుండ్రం. పదమూడు సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతి మీద రెండున్నర సెంటీమీటర్ల కోడ్ వేస్తే దాని రెండు అంచులూ చెరో ముప్పై అయిదు డిగ్రీల దాకా పక్కకు తిరిగిపోతాయి, చవక ఫోను కెమెరా దాన్ని చదవలేదు. కోడ్‌లో పొడవాటి వెబ్ చిరునామా పెడితే గళ్లు చిన్నవై ఇంకా కష్టం. వరస నంబరు మాత్రమే పెడితే ఇరవై ఒకటికి ఇరవై ఒక్క గళ్ల చిన్న కోడ్ చాలు. గడికి అర మిల్లీమీటరు చొప్పున, చుట్టూ వదలాల్సిన తెల్ల అంచుతో కలిపి ఒకటిన్నర సెంటీమీటర్లలో అయిపోతుంది. అది స్కాన్ చేసినవాడికి పిల్లల వివరాలు కనపడకూడదు. నంబరు, కంట్రోల్ రూమ్ ఫోను చాలు.

రేడియో తరంగాలతో చదివే ఆర్ఎఫ్ఐడీ చిప్పు పెడితే పిల్లలు ఎక్కడున్నారో తెరపై తెలిసిపోతుందన్న మాట పత్రికల్లో వస్తూ ఉంటుంది. తెలియదు. ఫోనుతో చదివే రకం చిప్పు నాలుగైదు సెంటీమీటర్ల దూరంలోనే పలుకుతుంది. కొన్ని మీటర్ల దూరం నుంచి చదివే రకానికి నీళ్లు, మనిషి ఒళ్లు గట్టి అడ్డంకులు. జనం కిక్కిరిసిన ఘాట్‌లో ఉన్నవి ఆ రెండే. మనిషి ఉన్న చోటు చెప్పాలంటే జీపీఎస్, సిమ్, బ్యాటరీ ఉన్న వేరే పరికరం కావాలి. ఆ డబ్బుతో కంట్రోల్ రూమ్‌లో ఇంకో ఇరవై మందిని పెట్టొచ్చు.

రంగుల విషయంలో ఒక హెచ్చరిక. 2005లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఒక రోగి చేతికి నర్సు పసుపు బ్యాండు వేసింది. ఆమె పని చేసే మరో ఆసుపత్రిలో పసుపు అంటే ‘ఈ చేతికి సూది వేయొద్దు’ అని. ఈ ఆసుపత్రిలో పసుపు అంటే ‘గుండె ఆగితే బతికించే ప్రయత్నం చేయొద్దు’ అని. గుండె ఆగింది, వైద్యం ఆగబోయింది, పొరపాటు పసిగట్టి ఆ రోగిని కాపాడగలిగారు. ఆ తర్వాతే అక్కడ ఒక్కో రాష్ట్రం తన ఆసుపత్రులన్నిటిలో ఒక్కో రంగుకు ఒకే అర్థం ఉండేలా పెట్టుకుంది. ఇప్పుడు మన దగ్గర ఒక జిల్లా ఘాట్‌కో రంగు, పక్క జిల్లా రోజుకో రంగు, అవతలి రాష్ట్రం వయసుకో రంగు పెడితే ఇదే జరుగుతుంది. బ్యాండు అందరికీ తెలుపే ఉండాలి. ఎరుపు ఒక్కటి వైద్య అవసరం ఉన్నవారికి: ఫిట్స్, ఇన్సులిన్, గుండె జబ్బు, పడని మందు. ఎర్ర బ్యాండు మీద ఆ ఒక్క ముక్క తెలుగులో, ఇంగ్లీషులో రాయాలి. 108 సిబ్బందికి, ఘాట్ల దగ్గరి వైద్య శిబిరాలకు ‘ముందు ఎడమ చెయ్యి చూడు’ అని శిక్షణలోనే చెప్పాలి.

ఎక్కడ కట్టాలి? ఘాట్ దగ్గర కాదు. అక్కడికి వచ్చేసరికే తోపులాట మొదలవుతుంది. 2015 జులై 14న, పుష్కరాల తొలిరోజు, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్ దగ్గర తొక్కిసలాటలో కనీసం 27 మంది చనిపోయారు; ఘాట్ ముంగిట క్యూ కట్టించే ఏ పనీ మంచిది కాదనడానికి వేరే రుజువు అక్కర్లేదు. రైల్వే స్టేషన్ బయట, తాత్కాలిక బస్టాండ్లలో, పార్కింగ్ స్థలాల్లో బల్లలు వేయండి. లెక్క కూడా చూసుకోండి. మిస్డ్ కాల్, రాయడం, టేపు, కట్టడం, రిజిస్టరు కలిపి జంటకు నిమిషంన్నర. రాసేవారు ఒకరు, కట్టేవారు ఒకరు ఉన్న బల్ల గంటకు నలభై, ఎనిమిది గంటల షిఫ్టుకు 320. పది బల్లలు వేసినా 3,200. వచ్చేవారు లక్షల్లో. కాబట్టి బల్లల మీదే ఆధారపడితే కుదరదు. పదేళ్ల లోపు పిల్లలున్న కుటుంబాలకు ఊళ్లోనే, అంగన్‌వాడీ ద్వారా ఖాళీ బ్యాండులు ఇప్పించండి. ఆర్టీసీ ప్రత్యేక బస్సుల్లో కండక్టరు చేతిలో ఒక కట్ట, ఒక బాల్ పెన్ను పెట్టండి. దారిలో వాళ్లే రాసుకుని కట్టుకుంటారు. బల్లల దగ్గర అలా కట్టుకుని రానివారికి, రాయడం తెలియనివారికి కడితే చాలు. ఊళ్లో ఇచ్చిన వాటికి రిజిస్టరు ఉండదు కదా అంటారేమో. నిజమే, ఉండదు. చేతి మీద ఇంటి నంబరు ఉంటుంది, జంట నంబరు తల్లి చేతికి ఉంటుంది. ఎనభై పాళ్లు పని దానితోనే అవుతుంది.

పిల్లలంత ధ్యాస ముసలివారి మీద పెట్టరు. మతిమరుపు ఉన్నవారు, చెవుడు ఉన్నవారు, ఫోను వాడని పెద్దవాళ్లు తప్పిపోతే వారంతట వారు ఏడవరు, ఎవరినీ అడగరు, నడుచుకుంటూ పోతారు. వాళ్లను గుర్తించేది పోలీసుల కంటే ముందు పడవవాళ్లు, గజ ఈతగాళ్లు, పిండప్రదానం చేయించే పురోహితులు, క్షురకులు, టీకొట్టువాళ్లు, పారిశుధ్య కార్మికులు. శిక్షణ అంటూ పెడితే వీళ్లకు పెట్టండి, పావుగంట చాలు. పెద్దల బ్యాండు మీద ఊరి పేరుతో పాటు మండలం, జిల్లా తప్పనిసరి. కొత్తపల్లి అని మాత్రమే రాస్తే ఏ కొత్తపల్లి? కట్టించుకోవడానికి చాలామంది చిన్నతనంగా భావిస్తారు. “తప్పిపోతావని కాదు పెద్దమ్మా, ఇంటిల్లిపాదికీ కడుతున్నాం” అంటే చెయ్యి చాస్తారు. అది అబద్ధం కాకుండా ఇంటిల్లిపాదికీ కట్టండి.

దొరికాక జరిగే తప్పులు ఇంకో రకం. దొరికిన పిల్లవాణ్ణి మంచి మనసుతోనే అయినా ఊరంతా తిప్పి వెతుకుతారు. అటు తల్లి తప్పిపోయిన చోటే తిరుగుతుంటుంది. బ్యాండు మీద ‘ఈ నంబరుకు ఫోన్ చేసి, ఇక్కడే ఉండండి’ అన్న ముక్క అచ్చులో ఉండాలి. మైకులో పేరు, చొక్కా రంగు, వయసు, ఊరు అన్నీ చదివేస్తే ఎవరైనా వచ్చి మా వాడే అనొచ్చు. వరస నంబరు, ఏ కేంద్రంలో ఉన్నాడు అన్నది చాలు. తీసుకెళ్లడానికి వచ్చినప్పుడు “ఈమె మీ అమ్మేనా?” అని అడగకూడదు, భయపడిన పిల్లలు దేనికైనా తలూపుతారు. “ఎవరొచ్చారు?” అని అడగాలి. బ్యాండు నంబర్లు కలవాలి, గుర్తింపు కార్డు చూడాలి, సంతకం లేదా వేలిముద్ర తీసుకోవాలి. నంబరు కలవకపోతే పోలీసు లేకుండా అప్పగించొద్దు. ఎవరూ రాకపోతే బాలల న్యాయ చట్టం, 2015 ప్రకారం ఇరవై నాలుగు గంటల్లో బాలల సంక్షేమ కమిటీ ముందుంచాలి. పిల్లల సహాయ నంబరు 1098కి ముందే చెప్పాలి. పుష్కరాల పన్నెండు రోజులూ ఆ కమిటీ సభ్యులు పెద్ద ఘాట్ల దగ్గరే అందుబాటులో ఉంటే ఎంతో మేలు.

అన్నిటికంటే ఎక్కువసార్లు ఎదురయ్యే చిక్కు ఇది: తల్లి ఒక కేంద్రంలో ఫిర్యాదు ఇస్తుంది, బిడ్డ ఇంకో కేంద్రంలో ఏడుస్తూ ఉంటాడు. ఒకరు రాజమహేంద్రవరం గట్టున, ఒకరు కొవ్వూరు గట్టున ఉన్నప్పుడు ఇది మరీ ఎక్కువ. ‘తప్పిపోయినవారు’ జాబితా, ‘దొరికినవారు’ జాబితా రెండూ ఒకరి చేతిలో ఉండాలి. కంట్రోల్ రూమ్‌లో ఒకరికి ఆ పని తప్ప ఇంకో పని ఉండకూడదు. పావుగంటకోసారి రెండు జాబితాలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఇంటర్నెట్ పోతే వైర్‌లెస్ సెట్టులో వరస నంబర్లు చదివినా చాలు.

పుష్కరాలయ్యాక బ్యాండు నదిలో పడకూడదు. టైవెక్ మట్టిలో కలిసేది కాదు. తీసి వేసే డబ్బాలు ఘాట్‌లో కాకుండా తిరుగు బస్సులెక్కే చోట, కత్తెరతో సహా పెట్టండి. నంబరు మీదుగా కత్తిరించమని చెప్పండి. రిజిస్టర్లలో లక్షల కుటుంబాల ఫోన్ నంబర్లు, పిల్లల వివరాలు ఉంటాయి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లల సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. తీసుకున్న పని అయ్యాక ఆ సమాచారం ఉంచుకోనక్కర్లేదు. ఏ తేదీన ధ్వంసం చేస్తారో ఇప్పుడే ఉత్తర్వులో రాయండి. తర్వాత ఎన్నికల సర్వే కాల్స్ ఆ నంబర్లకే వెళితే మళ్లీ పుష్కరాలకు ఎవరూ నంబరు ఇవ్వరు.

టెండరుకు ముందు నమూనాలు ఇరవై తెప్పించి, మీరు వాడబోయే పెన్నుతోనే రాసి, అరగంట నీళ్లలో ఉంచి, కొబ్బరినూనె, పసుపు, శానిటైజరు ఒకదాని తర్వాత ఒకటి రుద్ది, ఒక పగలంతా ఎండలో పెట్టి చదివి చూడండి. చదవగలిగినవే నిలిచినట్టు. లాక్‌ను తడి చేత్తో లాగి చూడండి. కోడ్‌ను మార్కెట్లో దొరికే అతి చవక స్మార్ట్ ఫోనుతో, గుండ్రటి గొట్టానికి చుట్టి స్కాన్ చేయండి.

ఇక అసలు పరీక్ష జనం మధ్య జరగాలి. 2027లో పుష్కరాలకు ముందే మహాశివరాత్రి వస్తుంది, శ్రీరామనవమి వస్తుంది. పట్టిసీమ వీరభద్రుడి శివరాత్రి తిరునాళ్లలో ఆంధ్రప్రదేశ్, భద్రాచలం కల్యాణంలో తెలంగాణ ఒకే నమూనా బ్యాండు, ఒకే కంట్రోల్ రూమ్ నంబరుతో నడిపి చూడండి. ఒక్కోచోట అయిదు బల్లలు చాలు. బల్లకు గంటకు ఎన్ని కట్టారు, సాయంత్రానికి ఎన్ని ఊడాయి, రాసిన నంబర్లలో వందకు ఎన్ని తప్పాయి, ఫోన్ మోగిన ఎన్ని సెకన్లకు ఎత్తారు అన్న నాలుగు అంకెలు రాసి రెండు రాష్ట్రాలూ ఒకరికొకరు పంపుకోండి. కంట్రోల్ రూమ్‌కు తెలియకుండా రాత్రి రెండు గంటలకు కూడా ఒక కాల్ చేయించండి.

ఇట్లు,
ఆసుపత్రుల్లో, ఉత్సవాల సహాయ కేంద్రాల్లో గుర్తింపు బ్యాండుల పని చేసే నర్సులు, స్వచ్ఛంద సేవకులు